శుక్రవారపు మాత్ర

కారు తాళం వంటగదిలో, ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. ప్రేమానందంగారు రోజుకి ఇరవైసార్లు దాని ముందునుంచి నడుస్తారు. ముట్టుకోరు. ముట్టుకోకూడదని ఎవరూ ఆంక్ష పెట్టలేదు, కారు నడపకూడదని మాత్రమే చెప్పారు. అయినా ఆయన చర్చిలో సంఘపెద్ద. శోధనకు నాలుగడుగుల దూరంలో ఉండటమే క్షేమమని పద్దెనిమిదేళ్ళుగా ఇతరులకు చెబుతూ వచ్చినవారు.

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో కారు నడపని మనిషికి కాళ్ళు అలంకారం కిందే లెక్క. ఆయన ఇంటినుంచి పాలు దొరికే కొట్టు మైలున్నర. ఆ మైలున్నరలో కాలిబాట మూడుచోట్ల ఉత్సాహంగా మొదలై, మూడుచోట్లా ఏ కారణమూ చెప్పకుండా ఆగిపోతుంది. ఫిబ్రవరిలో ఒకరోజు నడిచి చూశారు. ఇద్దరు వేరువేరుగా కార్లు ఆపి, ఏమైనా సాయం కావాలా, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు గుర్తుందా అని అడిగారు. ఆ రెండో ప్రశ్నతో ఆయన నడక మానేశారు.

ఆయనకు అరవై నాలుగేళ్ళు. పుట్టింది నరసాపురం దగ్గర. ఇక్కడికి వచ్చి ఇరవై ఆరేళ్ళు. ఆ ఇరవై ఆరేళ్ళూ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టరుగా పనిచేశారు. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాములలో తప్పులు పట్టి, ఆ సంగతి వారికి మర్యాదగా తెలియజేయడం. ఆ వృత్తిలో ఆయనకొక సిద్ధాంతం ఉండేది: పరీక్ష ఎన్నిసార్లు చేసినా అవే పరిస్థితుల్లో చెయ్యాలి, ఒక్కటి మారినా ఆ పరీక్ష చెల్లదు. కొత్తగా చేరిన ప్రతి కుర్రవాడికీ మొదటిరోజే ఇది బోధించేవారు. రిటైరైన రోజున ఆ కుర్రవాళ్ళంతా కలిసి కేకు మీద అదే వాక్యం రాయించారు. కేకు చిన్నది, సిద్ధాంతం పెద్దది, చివరి మాట పక్కకి జారింది.

జీతం లేని ఉద్యోగం ఇంకొకటి ఉండేది. తెలుగు చర్చికి ఆదివారం ఆరాధనకు, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు, మెకార్థర్ రోడ్డు మీది అపార్ట్‌మెంట్లనుంచి ముగ్గురు పెద్ద వయసు సిస్టర్లను తీసుకువెళ్ళి, మళ్ళీ దించి రావడం. ఎవరికి ఏ మోకాలు నొప్పో, ఎవరిని వెనక కూర్చోబెడితే వాంతి వస్తుందో, ఎవరు కారెక్కిన తర్వాత స్టవ్ ఆపామో లేదో అని అనుమానపడతారో ఆయనకు కంఠతా వచ్చు.

జనవరిలో ఒక ఆదివారం, ఆ ముగ్గురినీ చర్చి గుమ్మం దగ్గర దించి, కారు పెట్టడానికి వెళ్తుండగా గుండె ఒక్కసారిగా పరుగు అందుకుంది. కళ్ళు చీకట్లు కమ్మాయి. కారు నడక వేగంతో ముందుకు సాగి, చర్చి బోర్డుకి ఆనుకుని ఆగింది. బోర్డు మీద 'అందరికీ స్వాగతం' అని ఉంది.

ఆయన గుండె పైగదులు కొట్టుకోవలసిన చోట వణుకుతున్నాయని డాక్టరు చెప్పాడు. డిగాక్సిన్ అనే మాత్ర రాశాడు, ఉదయం ఒకటి. "ఈ మందుకి చాలినంతకీ, ఎక్కువైనంతకీ మధ్య సందు చాలా ఇరుకు. అందుకే రక్తంలో ఎంతుందో కొలుస్తూ ఉంటాం. మీకు పాయింట్ ఐదు, పాయింట్ తొమ్మిది నానోగ్రాముల మధ్య ఉండాలి. ఆ గీతల మధ్య నిలబడి, నాడి నెమ్మదించి, ఆరు వారాలు కళ్ళు తిరగకుండా ఉంటే, అప్పుడు కారు నడపండి" అన్నాడు.

పాయింట్ ఐదు, పాయింట్ తొమ్మిది. ప్రేమానందంగారు ఆ రెండు అంకెలనూ కాగితం మీద రాసి, తాళం వేలాడే మేకు కిందే అంటించారు.

మొదటి పరీక్షలో రెండు పాయింట్ మూడు వచ్చింది. డాక్టరు కనుబొమ్మలెత్తి, మోతాదు సగం చేశాడు. రెండో పరీక్షలో ఒకటి పాయింట్ నాలుగు. తగ్గింది గాని చాలినంత తగ్గలేదు. ఇక్కడ గుండె తన అభ్యంతరం తెలియజేసింది. మోతాదు సగమైన దగ్గరనుంచి వంటగదినుంచి హాల్లోకి నడిచేసరికి నాడి నూట ముప్ఫై. రక్తం చూస్తే మందు ఎక్కువైందంటుంది, గుండె చూస్తే మందు చాలలేదంటుంది. ఒకే ఒంట్లో ఉంటూ ఈ ఇద్దరూ ఇలా మాట్లాడుకోకపోవడం డాక్టరుకి ఇదివరకెక్కడా ఎదురుకాలేదు.

"మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగాడు.

"వారానికి ఏడు, డాక్టర్."

ఇంత కచ్చితంగా జవాబు చెప్పే రోగి దొరికినందుకు డాక్టరు సంతోషించి, అదే రాసుకున్నాడు.

పరీక్ష ఎప్పుడూ శనివారమే. లూసీగారు, అంటే ఆయన భార్య, హైవే మీద కారు నడపరు. ముప్ఫై ఐదు మైళ్ళ వేగం దాటిన రోడ్డు మనుషుల కోసం వేసింది కాదని ఆమె నమ్మకం. కాబట్టి కాపెల్‌లో ఉండే కూతురు షెరిన్ తీసుకువెళ్ళాలి. షెరిన్‌కి శనివారం తప్ప తీరదు.

ప్రేమానందంగారు పరీక్షకు సిద్ధమయ్యే తీరు ఆయన వృత్తికి తగినట్టే ఉండేది. ఐదున్నరకు లేచేవారు. ఒక కీర్తన చదువుకునేవారు. ఆరింటికి, వారానికి ఏడు అరలున్న ప్లాస్టిక్ మాత్రల డబ్బా ముందు కూర్చునేవారు. ముందురోజు శుక్రవారం ఆయనకు ఉపవాసం. గురువారం రాత్రి భోజనమయ్యాక శుక్రవారం సాయంత్రం ఆరుదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. నీళ్ళు లేనిదే మాత్ర దిగదు. సాయంత్రం వేసుకుందామంటే, ఉదయం వేసుకోవలెనని సీసా మీద ఉంది, రాసి ఉన్నదాన్ని మీరే మనిషి కాదాయన. కాబట్టి శుక్రవారపు మాత్ర తన అరలోనే ఉండేది. శనివారం ఆరింటికి రెండు అరలూ తెరిచి, రెండు మాత్రలూ కలిపి వేసుకునేవారు. వారానికి ఏడు పోవాలి, పోయాయి. ఏడున్నరకు ల్యాబ్‌లో చెయ్యి చాపేవారు. అక్కడి అమ్మాయి పేరు అడిగేది, పుట్టినతేదీ అడిగేది, సూది గుచ్చేది. అవే పరిస్థితులు, అదే వేళ. ఒక్కటీ మారలేదు.

మధ్యాహ్నం లూసీగారు డబ్బా తెరిచి చూసేవారు. అన్ని అరలూ ఖాళీ. దేవునికి స్తోత్రం చెప్పి మూసేవారు.

ఉపవాస ప్రార్థన అదివరకు ఇంటింటికీ తిరిగేది. ప్రేమానందంగారు కదల్లేని స్థితిలో ఉన్నారు కాబట్టి, సంఘం ప్రేమతో దాన్ని ఆయన హాల్లోకే మార్చింది. అంతవరకు ఇంట్లోనుంచి బయటికి వెళ్ళలేకపోవడమే ఉండేది. ఇప్పుడు శుక్రవారం పదింటినుంచి రెండింటిదాకా హాల్లోనుంచి కూడా వెళ్ళలేరు, ప్రార్థన అంశం ఆయనే మరి. పన్నెండుమంది చుట్టూ కూర్చుంటే ఆయన మధ్య సోఫాలో ఉండేవారు. ఆయన ఎక్కించుకు తిరిగిన ముగ్గురిలో పెద్దావిడ సువార్తమ్మగారు, ఇప్పుడు మనవడి కారులో ముప్పావుగంట ఆలస్యంగా వచ్చి, కళ్ళు మూసుకుని గొంతెత్తేవారు.

"ప్రభువా, మా బ్రదర్‌గారి రక్తములో ఆ మందు ఒకటి పాయింట్ నాలుగు ఉన్నది తండ్రీ. దానిని పాయింట్ తొమ్మిదికి దించుము. పాయింట్ ఐదుకి కిందకి మాత్రం పోనియ్యకుము."

"ఆమేన్" అనేవారు పన్నెండుమందీ. వారందరికంటే గట్టిగా, నాలుక పిడచకట్టుకుపోయిన ప్రేమానందంగారు అనేవారు.

ఆ రోజుల్లో ఆయనకొక అలవాటైంది. మధ్యాహ్నం లూసీగారు కునుకు తీస్తున్నప్పుడు గరాజ్‌లోకి వెళ్ళి, కారులో డ్రైవర్ సీట్లో కూర్చునేవారు. తాళం లేకుండానే. బెల్టు పెట్టుకునేవారు. అద్దం సరిచేసుకునేవారు. అద్దంలో గరాజ్ తలుపు, దాని మీద వేలాడే నీళ్ళగొట్టం కనిపించేవి. పావుగంట అలా ఉండి, బెల్టు తీసి లోపలికి వచ్చేవారు. ఒకరోజు లూసీగారు తలుపు తెరిచారు.

"ఎక్కడికండీ?"

"ఎక్కడికీ కాదు."

"బెల్టెందుకు మరి?"

ఆయన బెల్టు తీసి లోపలికి వచ్చారు. మర్నాడు కూడా పెట్టుకున్నారు.

మూడో పరీక్షలో ఒకటి పాయింట్ ఐదు వచ్చింది. ఈసారి డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇది మంచి సూచన కాదని షెరిన్‌కి అప్పుడే అర్థమైంది. "పెంచుదామంటే రక్తం ఒప్పుకోదు, తగ్గిద్దామంటే గుండె ఒప్పుకోదు. ఇక మిగిలింది ఛాతీలో పేస్‌మేకర్ పెట్టి, గుండె పైగదులనుంచి కిందికి సంకేతం మోసే తీగను మాడ్చెయ్యడం. వచ్చే నెలలో చేద్దాం. తీగ పోయాక మళ్ళీ వెనక్కి రాదు, ఆలోచించుకోండి" అన్నాడు.

"డ్రైవింగ్?" అని అడిగారు ప్రేమానందంగారు.

"అది తర్వాత చూద్దాం."

తిరుగు ప్రయాణంలో ఆయన వెనకసీట్లో కూర్చున్నారు. పక్కన మనవడి బూస్టర్ సీటు, కాళ్ళకింద వాడి క్రేయాన్లు. ముందు లూసీగారు, స్టీరింగ్ దగ్గర షెరిన్. వన్ ఫోర్టీన్ హైవే మీద బండ్లు చీమల్లా కదులుతున్నాయి.

"డాడీ, నిజం చెప్పు. టాబ్లెట్స్ మిస్ అవ్వట్లేదు కదా?"

"ఒక్కటీ మిగల్లేదమ్మా. మీ మమ్మీని అడుగు."

"డబ్బా నేనే చూస్తున్నానే" అన్నారు లూసీగారు. "ఆ విషయంలో మీ డాడీని అనడానికి లేదు."

అప్పుడే ఫోన్ మోగింది. మోగింది ఆయన జేబులో కాదు. క్లినిక్‌వాళ్ళకి ఇచ్చింది షెరిన్ నంబరు, ఆ ఫోను కారుకి కలిపి ఉంది. కాబట్టి కారే మాట్లాడింది, నాలుగు స్పీకర్లలోనూ.

ముందు ఇంగ్లీషులో పలకరించి, పేరు సరిచూసుకుని, ఆ గొంతు ఆగింది. "వెయిట్, మీరు తెలుగా? నేను కూడా తెలుగు. నా పేరు కృతి. ఇక్కడ క్లినిక్ ఫార్మసిస్ట్. నా తెలుగు కొంచెం బ్యాడ్ అంకుల్, సారీ."

"చాలా బాగుందమ్మా" అన్నారు ప్రేమానందంగారు వెనకనుంచి, ముందుకి వంగి.

"ప్రొసీజర్ ముందు నేను అందరి చార్ట్ చెక్ చేస్తాను. మీ లెవెల్ హై ఉంది, మీ హార్ట్ రేట్ కూడా హై ఉంది. ఇట్స్ సో వియర్డ్. నాకు ఒకటే క్వశ్చన్ ఉంది. టెస్ట్ రోజు మీరు టాబ్లెట్ ఏ టైమ్ తీసుకుంటారు?"

"ఆరింటికమ్మా. మూడుసార్లూ ఆరింటికే. నేనేమీ మార్చలేదు."

"అండ్ బ్లడ్ ఏ టైమ్ ఇస్తారు?"

"ఏడున్నర."

స్పీకర్లలో కీబోర్డు టకటకలాడింది.

"ఓకే. అంకుల్, టాబ్లెట్ వేసుకుంటే అది ఫస్ట్ బ్లడ్‌లో ఉంటుంది. హార్ట్‌లోకి వెళ్ళడానికి సిక్స్, ఎయిట్ అవర్స్ పడుతుంది. మీరు వన్ అండ్ హాఫ్ అవర్‌లో ఇచ్చారు. అది ఎలా అంటే, మా అమ్మమ్మ ఉప్మాలో సాల్ట్ వేస్తుంది కదా, కలపకుండా ఆ సాల్ట్ ఉన్న చోటే టేస్ట్ చేసినట్టు. బట్... ఒక టాబ్లెట్‌కి ఇంత హై రాదు. సాటర్డే ఒకటే కదా తీసుకుంటారు?"

ప్రేమానందంగారు కిటికీ వైపు చూశారు. పక్క లేన్‌లో ఒక పెద్ద లారీ గోడలా నిలబడి ఉంది. తర్వాతి ఎగ్జిట్ రెండు మైళ్ళు. మనవడి కోసం వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంది. ఆయన జీవితంలో అబద్ధం చెప్పని మనిషి. ఎవరూ అడగనిదాన్ని చెప్పకపోవడం అబద్ధం కాదనే సౌకర్యం ఇంతకాలం ఆయనకు ఉండేది. ఆ సౌకర్యం ఇప్పుడు పోయింది.

"రెండు" అన్నారు.

"టూ? వై టూ?"

"ఒకటి శుక్రవారానిది."

లూసీగారు వెనక్కి తిరగబోయారు. సీటు బెల్టు ఆమెను సగంలో పట్టి ఆపింది. ఆ సగంలోనే ఉండి అడిగారు. "శుక్రవారం మాత్ర వేసుకోవట్లేదా మీరు?"

"ఉపవాసం కదా."

"ఎవరి కోసం ఉపవాసం?"

"నా కోసమే."

"నీ కోసం దేని గురించి?" కోపమొస్తే లూసీగారికి 'మీరు' జారిపోయి 'నువ్వు' బయటపడుతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఇది నాలుగోసారి.

"లెవెల్ గురించి" అన్నారు ఆయన, బూస్టర్ సీటుతో చెబుతున్నట్టు.

"డాడీ!" అంది షెరిన్.

"నువ్వు రోడ్డు చూడమ్మా."

"ఉపవాసమంటే అన్నం మానడమండీ, మందు మానడమని ఎవరు చెప్పారు మీకు?" లూసీగారు మళ్ళీ బహువచనానికి వచ్చారు గాని గొంతు తగ్గలేదు. "నేను థైరాయిడ్ మాత్ర ఐదింటికే వేసుకుంటున్నాను పదేళ్ళబట్టీ. నీళ్ళతో. సువార్తమ్మగారు షుగర్ మాత్ర వేసుకుని, పైన రెండు బిస్కెట్లు తిని మరీ వస్తారు. తినకపోతే పడిపోతానని పాస్టరు అయ్యగారికి చెప్పి పర్మిషన్ తీసుకున్నారు. హాల్లో ఉన్న ఇంతమందిలో నోరెండబెట్టుకుని కూర్చుంటున్నది మీరొక్కరే!"

"బిస్కెట్ల సంగతి నాకు తెలియదు" అన్నారు ప్రేమానందంగారు. ఆయన గొంతులో నిజమైన గాయం వినిపించింది.

"ఆంటీ," అన్నాయి స్పీకర్లు వినయంగా, "నేను ఇంకా లైన్‌లో ఉన్నాను."

కృతి మిగతాది నెమ్మదిగా చెప్పింది. పరీక్షరోజు ముందు రక్తం, తర్వాత మాత్ర. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు వేసుకోవడం చాలా ప్రమాదం, ఇంకెప్పుడూ చేయకూడదు. ఈ మూడు అంకెలూ పనికిరావు. డాక్టరుతో తను మాట్లాడుతుంది, మళ్ళీ పరీక్ష చేసేదాకా పేస్‌మేకర్ సంగతి ఆగుతుంది. "అండ్ అంకుల్, ఫస్ట్ డే ఇచ్చిన పేపర్స్‌లో ఇది ఉంది. పేజ్ ఫోర్."

ఇంటికి వెళ్ళాక ఆయన ఫైలు తీశారు. ఫైలు మీద ఆయన చేతిరాతతోనే 'గుండె: ముఖ్యమైనవి' అని ఉంది. నాలుగో పేజీలో, మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వవలెనని స్పష్టంగా ఉంది. దాని పై వాక్యం కింద ఎర్రపెన్నుతో గీత ఉంది. పరీక్షకు ప్రతిసారీ ఒకే వేళకు రావడం మంచిదని ఆ వాక్యం చెబుతోంది. ఆ గీత ఆయన గీసిందే. కేకు మీదికెక్కిన సిద్ధాంతం కాగితంలో కనబడగానే, కన్ను అక్కడే ఆగి, తృప్తిపడి, కిందికి దిగకుండా పేజీ తిప్పేసింది. ఇరవై ఆరేళ్ళు కుర్రవాళ్ళకి నేర్పినట్టే పరిస్థితులన్నీ మారకుండా కాపాడారు. తప్పును కూడా వాటితోపాటే, ఒక్క వారమూ పోకుండా కాపాడారు.

శుక్రవారం వచ్చింది. ఐదున్నరకి లూసీగారు మంచినీళ్ళ గ్లాసు, మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడ్డారు. "నోరు తెరవండి" అని కూడా అన్నారు. తెరిచారు.

పదింటికి హాలు నిండింది. ఆయన సోఫాలోనుంచి లేచి, జరిగినదంతా చెప్పారు. సంఘపెద్దగా ఎన్నో సాక్ష్యాలు చెప్పారు గాని, ఇలాంటిది చెప్పడం ఇదే మొదలు. పన్నెండుమంది ఇన్ని వారాలు కడుపు మాడ్చుకుని దించమని వేడుకున్న అంకె ఎక్కువది కానే కాదని చెప్పాలి మరి. చెప్పి కూర్చున్నారు.

సువార్తమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే అన్నయ్యగారూ, ఎక్కువ లేనిదాన్ని ఇంకా దించమని అడిగామా మనం?"

"అవునమ్మా."

"మరి ఆయన దించలేదుగా! ఎంత అడిగినా దించలేదు. దించి ఉంటే మీ గతేమయ్యేది?" ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చుట్టూ చూశారు. "స్తోత్రం చెప్పండి, ఊరికే కూర్చుంటారేం."

చెప్పారు. అంశం మార్చుకుని ప్రార్థన కొనసాగించారు. దించమని గాని పెంచమని గాని కాకుండా, ఉన్నదున్నట్టు కనబడేలా చెయ్యమని.

మర్నాడు కాకుండా పై బుధవారం, షెరిన్ సెలవు పెట్టి తీసుకువెళ్ళింది. డబ్బా ఆయన ఒడిలో, తెరవకుండా ఉంది. రక్తం ఇచ్చాకే అర తెరిచారు. పాయింట్ నాలుగు వచ్చింది. ఎక్కువ కావడం అటుంచి, చాలినంత కూడా లేదు. గుండె మొదటినుంచీ చెబుతున్నది అదే. డాక్టరు ఇది చూసి, మోతాదు మళ్ళీ మొదటికి పెంచాడు. మూడు వారాలకు పాయింట్ ఎనిమిది. నాడి డెబ్భై ఆరు. పేస్‌మేకర్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆపైన ఆరు వారాలు ఆయన క్యాలెండరు మీద రోజుకొక టిక్కు పెట్టారు. ఏ టిక్కు పక్కనా కళ్ళు తిరిగినట్టు లేదు.

జూలైలో ఒక శుక్రవారం ఉదయం తాళం మేకునుంచి దిగింది. ఉపవాస ప్రార్థన మళ్ళీ వేరే ఇంట్లో. గరాజ్ తలుపు పైకి లేచింది. అద్దంలో నీళ్ళగొట్టం పోయి వీధి కనిపించింది. ప్రేమానందంగారు ఒక్కరే, ఎవరూ తోడు లేకుండా, మెకార్థర్ రోడ్డు మీదికి మలుపు తిరిగారు. ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలూ రేడియో కూడా పెట్టలేదు.

అపార్ట్‌మెంట్ ముందు సువార్తమ్మగారు చేతిసంచితో నిలబడి ఉన్నారు, వెనక మిగతా ఇద్దరూ. ఆయన దిగి తలుపు తెరిచారు. ఆవిడ ఎక్కలేదు.

"వందనాలు అన్నయ్యగారూ. మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నానమ్మా."

"ఎన్నింటికి?"

"ఐదున్నరకి."

"ఒకటేనా?"

"ఒకటే."

ఆవిడ వెనక్కి తిరిగి, మిగతా ఇద్దరికీ తల ఊపారు. అప్పుడు ముగ్గురూ ఎక్కారు. బెల్టులు పెట్టుకున్నారు. ఆయన బండి స్టార్ట్ చేయబోతుండగా ఫోన్ మోగింది. ఈసారి ఆయన కారే, ఆయన స్పీకర్లే.

"ఏమండీ," అంది లూసీగారి గొంతు, "సువార్తమ్మగారు అడిగారా?"

"అడిగాను వదినగారూ" అన్నారు వెనకసీట్లోంచి సువార్తమ్మగారు.

"అయితే బయల్దేరండి."

ప్రేమానందంగారు బయల్దేరారు.